ఆదాయం సరే, వ్యయం మాటేమిటి?

బ్రాడ్వే వారపు వసూళ్ల పట్టిక గారికి,

ఉభయకుశలోపరి. నేనిక్కడ క్షేమం. మీరూ క్షేమంగానే ఉంటారని తెలుసు. నష్టం అని రాసుకోవడానికి మీ దగ్గర గడే లేదు కదా!

ఆదివారం తెర పడి రెండు రోజులు గడుస్తాయో లేదో, మీరు ప్రత్యక్షమవుతారు. ఏ ప్రదర్శనకు ఎన్ని లక్షల డాలర్లు వచ్చాయి, ఎంత శాతం సీట్లు నిండాయి, సగటు టికెట్టు ఎంత పలికింది, కిందటి వారం మీద ఎంత పెరిగింది, ఎంత తరిగింది, అన్నీ వరసగా చెప్పేస్తారు. న్యూయార్క్‌లో బ్రాడ్వే అని పిలిచే 41 పెద్ద నాటక థియేటర్ల జాతకం ఒక్క కాగితంలో ఇమిడిపోతుంది. నేను నాటకాలు చూసిన దానికంటే మిమ్మల్ని చూసిందే ఎక్కువ. పాటలు ఎలా ఉన్నాయని ఎవరైనా అడిగితే నీళ్లు నములుతాను. ఎంత వసూలు చేసిందని అడిగితే మాత్రం నిద్రలో లేపినా చెబుతాను.

కానీ ఈ మధ్య మీ మీద నాకు అనుమానం మొదలైంది. ఉగాదినాడు పంచాంగం చదివే పంతులుగారు సైతం ఆదాయం 8 అన్నాక, వ్యయం 14 అని గొంతు తగ్గించైనా చెబుతారు. మీరు ఆదాయం చదివేసి పుస్తకం మూస్తారు. దక్షిణ పుచ్చుకున్నట్టు నిర్మాతలు నవ్వుతారు.

పాత మ్యూజికల్‌ను, అంటే పాటలతో నడిచే నాటకాన్ని, భారీ హంగులతో మళ్లీ రంగం మీదికి తెచ్చినప్పుడు మీ మౌనం మరీ ఇబ్బంది పెడుతుంది. రివైవల్ అంటే పాటలు జనానికి ముందే తెలుసు, పేరుకు ప్రచారం అక్కర్లేదు, పైన ఒక పెద్ద తార, ఇంకేం కావాలి అనిపిస్తుంది. నాకూ అలాగే అనిపించేది, కాగితం, కలం పట్టుకుని కూర్చునేదాకా. ఊహకు ఒక లెక్క వేశాను, మీరూ చూడండి. 1,500 సీట్ల థియేటర్, వారానికి 8 ఆటలు, అంటే 12,000 సీట్లు. ఒక్కటీ మిగలకుండా సగటున 125 డాలర్లకు అమ్ముడైతే 15 లక్షల డాలర్లు. మీరు దాన్ని పట్టికలో పైవరసన కూర్చోబెడతారు. అసలు కథ ఆ తరువాత మొదలవుతుంది. థియేటర్ అద్దె, వసూళ్లలో థియేటర్ యజమాని వాటా, నటీనటుల జీతాలు, పాతికమంది వాద్యకారులు, తెరవెనుక సిబ్బంది, దుస్తుల ఉతుకు, ప్రకటనలు, ఎప్పుడో కాలం చేసిన రచయితల వారసులకు రాయల్టీ, తార గారి శాతం. ఇవన్నీ కలిపి 13 లక్షలు అనుకుందాం. చేతిలో మిగిలేది 2 లక్షలు. పెట్టుబడి 2 కోట్ల 40 లక్షల డాలర్లయితే, అది తిరిగి రావడానికి 120 వారాలు పడుతుంది. తార గారి ఒప్పందం ఎన్ని వారాలకో ఒకసారి అడగండి. ముప్పై దాటితే మహాభాగ్యం.

తార గురించి ఇంకాస్త చెప్పాలి. 2017 నాటి 'హలో, డాలీ!' రివైవల్‌కు ప్రసిద్ధ గాయని, నటి బెట్ మిడ్లర్ పేరు చెప్పి టికెట్లు పెడితే మొదటి రోజే 90 లక్షల డాలర్లు దాటాయి. ఆవిడ సెలవు మీద వెళ్లినప్పుడు ఆ పాత్ర వేసింది సామాన్యురాలేమీ కాదు, బ్రాడ్వేలో అతి పెద్ద పురస్కారమైన టోనీని రెండుసార్లు గెలిచిన డోనా మర్ఫీ. అయినా వసూళ్లు జర్రున జారాయి. అదే రంగస్థలం, అవే పాటలు, నాయిక దిగివచ్చే అవే మెట్లు. ఆ ప్రదర్శన గట్టెక్కిందనుకోండి, అది వేరే సంగతి.

దీని రుచి నేనూ ఒకసారి చూశాను. ఏ ప్రదర్శనో చెప్పను. మధ్యాహ్నం ఆట. సీట్లో కూర్చుని కార్యక్రమ పత్రిక తెరిచాను. అందులోంచి అరచేతిలో సగం ఉండే తెల్ల చీటీ జారి మోకాలి మీద పడింది. ఈ ఆటలో ఫలానా పాత్రను ఫలానా వారు పోషిస్తారని రెండు వరసల్లో అచ్చువేశారు. నా పక్కనున్న పెద్దావిడ ఆ చీటీని తిరగేసి చూసింది, వెనుక వైపు క్షమాపణ ఏమైనా ఉందేమోనని. ముందు వరసలో ఆరుగురు లేచి డబ్బు వాపసు కోసం బయటికి నడిచారు. దీపాలు ఆరాయి. ప్రత్యామ్నాయంగా వచ్చిన అమ్మాయి ఎంత బాగా పాడిందంటే, విరామంలో ఆ పెద్దావిడ చీటీని నాలుగు మడతలు పెట్టి పర్సులో దాచుకుంది. ఆ వారం మీ పట్టికలో ఆ ప్రదర్శన పేరు పక్కన ఒక మైనస్ గుర్తు కనిపించింది. పాట గురించి మీరేమీ రాయలేదు. మీకు గడి లేదు, మీ తప్పు కాదు.

మరో ముచ్చట. 2024 ఏప్రిల్‌లో 'క్యాబరే' రివైవల్ కోసం థియేటర్ రూపురేఖలే మార్చేశారు. వేదికను నడిమధ్యకు తెచ్చి, చుట్టూ బల్లలు వేసి, నైట్‌క్లబ్‌గా తయారుచేశారు. పెట్టుబడి 2 కోట్ల 60 లక్షల డాలర్లు. మొదటి తారలు వెళ్లాక కొత్త తారలు వచ్చారు, వాళ్ల తరువాత ఇంకొందరు. 2025 సెప్టెంబరులో మూసేనాటికి ఆ డబ్బులో పైసా వెనక్కి రాలేదు. ఏడాదిన్నరపాటు వారం వారం మీ పట్టికలో లక్షల మీద లక్షలు కనిపిస్తూనే ఉన్నాయి. పైన పటారం అని ఊరికే అన్నారా!

ఇప్పుడు మీ పట్టికలో మధ్య వరసల్లో, ఎవరూ పట్టించుకోని చోట చూడండి. 'షికాగో' అని ఒకటుంది. అదీ రివైవలే. 1996 నవంబరు నుంచి ఆడుతూనే ఉంది. కొద్ది రోజుల కచేరీ తరహా ప్రదర్శనగా పుట్టింది. భారీ సెట్టు లేదు, వాద్యబృందం వేదిక మీదే కూర్చుంటుంది, ఒంటి మీద నల్లబట్టలు. ఖర్చు తక్కువ గనుక, మీరు చూసి పెదవి విరిచే వసూళ్లతోనే దాని ఇల్లు గడిచిపోతుంది. మధ్యమధ్యలో ఒక పేరున్న మనిషిని కొన్ని వారాలకు పిలుస్తారు, పంపేస్తారు. ఇక 'మెరిలీ వి రోల్ అలాంగ్' 1981లో తెర లేచాక 16 ఆటలకే మూతపడింది. 2023లో వెయ్యిలోపు సీట్ల థియేటర్‌లో మళ్లీ వేస్తే పెట్టుబడి తిరిగొచ్చింది. అందులో హ్యారీ పోటర్ సినిమాల డేనియల్ రాడ్‌క్లిఫ్ ఉన్నమాట నిజమే. చిన్న థియేటర్ ఉన్నమాట కూడా నిజమే, అది మాత్రం ఎవరూ చెప్పరు.

నిండిన సీట్ల శాతం గురించి కూడా ఒక మాట. టైమ్స్ స్క్వేర్‌లో ఎర్ర మెట్ల కింద రాయితీ టికెట్ల కిటికీ ఉంది. అక్కడ సగం ధరకు కొన్న నేనూ, ముందు వరసకు వందల డాలర్లు పోసిన ఆసామీ మీ శాతంలో ఒక్కటే. నిలబడి చూసేవారిని కూడా కలిపి 101 శాతం అని మీరు రాసిన వారాలున్నాయి. ఆ అదనపు ఒక్క శాతం కాళ్లనొప్పులకే మీరు లెక్క చెప్పారు గానీ, ఖర్చుకు ఏనాడూ చెప్పలేదు.

ఒక్క గడి కలపండి చాలు: వారపు ఖర్చు. ఇవ్వరని నాకు తెలుసు. ఆ గడి వచ్చిన మరుసటి రోజు నుంచి తరువాతి రివైవల్‌కు పెట్టుబడి పెట్టేవాళ్లు ఎక్కడ దొరుకుతారు?

ఇట్లు,
మీ వారపు పాఠకుడు

తా.క.: మొన్న ఒక భారీ రివైవల్ ప్రివ్యూకు, అంటే అధికారిక ప్రారంభానికి ముందు వేసే ఆటకు, వెళ్లాను. రెండో అంకంలో నాయిక వెక్కివెక్కి ఏడుస్తూ పాడుతుంటే, నేను పై అంతస్తు వైపు మెడ తిప్పి ఖాళీ సీట్లు లెక్కపెట్టాను. 37 వచ్చాయి. మీ అంకె చూశాక మళ్లీ రాస్తాను.