ముఖ్య అతిథికి కారు పంపారు, హార్మోనిస్టుకి ఎందుకు పంపలేదు?

నాటకాల వాళ్లందరికీ ఒకటే ప్రశ్న. డెబ్బై దాటిన ఒక హార్మోనిస్టు శంషాబాద్ ఎయిర్‌పోర్టులో దిగితే, ఆయన్ని రవీంద్ర భారతి దాకా చేర్చడం ఈ నగరంలో అంత కష్టమైన పనా? ఇవాళ మధ్యాహ్నమంతా నాకు ఆ ఒక్క పనితోనే సరిపోయింది. ఒళ్లు మండిపోతోంది. రేపటిదాకా ఆగితే కోపం చల్లారిపోతుందని ఇప్పుడే రాస్తున్నా.

వచ్చింది మా బాబాయ్. రాజమండ్రి నుంచి విమానంలో వచ్చాడు. మోకాళ్లు అరిగిపోయాయి, రైల్లో రాత్రంతా కూర్చోలేడు, అందుకని టికెట్ నేనే కొన్నాను. సాయంత్రం ఆరింటికి పద్య నాటకం. హార్మోనిస్టు లేకపోతే ఆ నాటకానికి తెర లేవదని ఇది చదివే వాళ్లకి నేను చెప్పక్కర్లేదు. శ్రుతి ఇచ్చేది ఆయన. నటుడు రాగం ఎత్తుకుని ఎక్కడికో వెళ్లిపోతే వెనక్కి తెచ్చేది ఆయన. కొత్త కుర్రాడు పద్యం మధ్యలో మర్చిపోతే, అందేదాకా స్వరం పట్టుకుని పరువు కాపాడేదీ ఆయనే. హార్మోనియం ఎక్కడ పగిలిపోతుందోనని పాత దుప్పటి చుట్టి, అట్టపెట్టెలో పెట్టి, పురికొస కట్టి, పైన ఎర్ర స్కెచ్ పెన్నుతో 'జాగ్రత్త' అని రాసి మరీ తెచ్చుకున్నాడు.

ఆయనకి ఈ యాప్‌లు రావు. అందుకని నిన్న రాత్రే ఇంట్లో కూర్చుని నేనే క్యాబ్ బుక్ చేశాను. ముందుగా బుక్ చేస్తే బండి రెడీగా ఉంటుందని అనుకుంటాం కదా! అదేం లేదు. టైం దగ్గర పడ్డాకే డ్రైవర్ కోసం వెతకడం మొదలుపెట్టింది. ముందు రోజు బుక్ చేసినా, నిలబడి బుక్ చేసినా ఒకటే అయినప్పుడు ఆ 'షెడ్యూల్' అనే బటన్ ఎవరి కోసం పెట్టారు?

మొదట దొరికిన డ్రైవర్ నాకు ఫోన్ చేశాడు. 'ఏడికి అన్నా?' అన్నాడు. యాప్‌లో బుకింగ్ ఉంది, చార్జీ ఉంది, అయినా చెప్పాను. లకడీకాపూల్ పేరు వినగానే 'సాయంత్రం పూట అటు జామ్ ఉంటదన్నా, రాను' అన్నాడు. తర్వాత వచ్చినతను బాబాయ్ దగ్గరిదాకా వచ్చాడు. పెట్టె చూశాడు. డిక్కీ తీశాడు. డిక్కీ నిండా సీఎన్‌జీ సిలిండరే. సరే, వెనక సీట్లో పెట్టుకుంటానని బాబాయ్ అంటే, 'సీటు కరాబయితది పెద్దాయనా, రెండు వందలు ఎక్స్‌ట్రా ఇయ్యి' అన్నాడట. బాబాయ్ ఇస్తానన్నాడు కూడా. ఈలోపు అతనికి ఇంకేదో ఫోన్ వచ్చింది. వెంటనే నాకు కాల్ చేసి, 'జర మీరే క్యాన్సిల్ కొట్టండ్రి అన్నా' అన్నాడు.

నేనే ఎందుకు కొట్టాలో తెలుసా? అతను కొడితే లెక్క అతని ఖాతాలో పడుతుంది, నేను కొడితే నా ఖాతాలో పడుతుంది. యాప్ క్యాబ్‌ల మీద కేంద్రం 2025లో కొత్త మార్గదర్శకాలు ఇచ్చింది. సరైన కారణం లేకుండా రైడ్ క్యాన్సిల్ చేస్తే చార్జీలో 10 శాతం, 100 రూపాయలు మించకుండా జరిమానా. డ్రైవర్ అయినా, ప్రయాణికుడైనా ఒకటే రూలు. 2020 నాటి మార్గదర్శకాల్లోనూ ఈ మాట ఉంది. కానీ బండి మీద చేయి వేసి నిలబడ్డ ముసలాయన్ని వదిలేసి, ఎక్కడో మియాపూర్‌లో ఉన్న నా చేత బటన్ నొక్కిస్తే, యాప్ దృష్టిలో తప్పు నాదే! నేను నొక్కలేదు. అతనూ నొక్కలేదు. ఫోన్‌లో బండి బొమ్మ ఒకేచోట నిలబడింది, అక్కడ ఎండలో మా బాబాయ్ నిలబడ్డాడు. చివరికి నొక్కాల్సి వచ్చింది నేనే, ఎందుకంటే తొందర మాది. మళ్లీ బుక్ చేయబోతే రేటు పెరిగి కూర్చుంది. అదే 2025 మార్గదర్శకాలు రద్దీ వేళ మూల చార్జీకి రెట్టింపు దాకా పెంచుకోవచ్చని కూడా చెప్పాయి. పెంచుకునే రూలు క్షణంలో అమలవుతుంది, జరిమానా రూలు మాత్రం ఎవరికీ గుర్తుండదు.

డ్రైవర్లని తిట్టడం నా ఉద్దేశం కాదు. ఎయిర్‌పోర్టు దగ్గర బండి పెట్టుకుని గంటల తరబడి ఒక్క ట్రిప్పు కోసం కాచుకుంటారు. ఈఎంఐ, గ్యాస్, టోల్ అన్నీ అందులోంచే రావాలి. గచ్చిబౌలి వైపు బేరమైతే ఔటర్ మీద హాయిగా వెళ్లిపోవచ్చు, మళ్లీ ఎయిర్‌పోర్టుకి గిరాకీ కూడా దొరుకుతుంది. సాయంత్రం నాలుగు దాటాక మాసబ్ ట్యాంక్ దాకా వెళ్లి ఇరుక్కోవాలని ఎవరికుంటుంది? అతని బాధ నాకు అర్థమవుతుంది. కానీ ఆ బాధ తీర్చాల్సింది కంపెనీ. మా బాబాయ్ మోకాళ్లు కాదు.

అసలు ఎంత దూరమని ఇంత గొడవ? 30 కిలోమీటర్లకు అటూ ఇటూ. ఆరాంఘర్ దాకా హైవే. అక్కడ పీవీ ఎక్స్‌ప్రెస్‌వే ఎక్కితే 11.6 కిలోమీటర్లు సిగ్నల్ లేకుండా మెహదీపట్నం. దిగితే మాసబ్ ట్యాంక్, లకడీకాపూల్, ఆ పక్కనే రవీంద్ర భారతి. బేగంపేటలో ఎయిర్‌పోర్టు ఉన్న రోజుల్లో ఊరి మధ్యలోనే దిగేవాళ్లం, ఆటో మాట్లాడుకుని పోయేవాళ్లం. 2008 మార్చిలో శంషాబాద్‌కి మార్చారు. పెద్ద విమానాలు, పెద్ద రన్‌వే, అన్నీ ఒప్పుకుంటాను. మరి ఇన్నేళ్లయినా అక్కడికి మెట్రో ఏది? 2017లో మెట్రో మొదలైంది. రవీంద్ర భారతికి ఒక పక్క లకడీకాపూల్ స్టేషన్, ఇంకో పక్క అసెంబ్లీ స్టేషన్. ఎయిర్‌పోర్టు నుంచి ఒక లైను ఉండి ఉంటే ఈ పోస్టే ఉండేది కాదు. 2022 డిసెంబర్‌లో రాయదుర్గం నుంచి ఎయిర్‌పోర్టుకి శంకుస్థాపన జరిగింది. ప్రభుత్వం మారింది, ఆ దారి వద్దన్నారు, నాగోల్, చాంద్రాయణగుట్ట మీదుగా కొత్త దారి గీశారు. గీతలు మారుతూనే ఉన్నాయి. పెట్టె మోసుకునే వాడు మోస్తూనే ఉన్నాడు.

సరే, ఇవన్నీ ఎప్పుడూ ఉన్నవే. అరికాలి మంట నెత్తికెక్కింది దీనికి కాదు.

బాబాయ్ అక్కడ నిలబడి ఉండగానే, ఇవాళ్టి సభకి ముఖ్య అతిథిగా రావాల్సిన పెద్దమనిషి ఢిల్లీ విమానం దిగాడు. నిర్వాహకుల కుర్రాళ్లు బొకేతో, శాలువాతో, తెల్లని ఇన్నోవాతో వచ్చారు. బాబాయ్ వాళ్లని గుర్తుపట్టి దగ్గరికి వెళ్లాడు. 'నమస్కారం మాస్టారూ, మీరూ వచ్చేశారా' అన్నారు. ఆ మాటన్నందుకు సంతోషం. తర్వాత ఏమన్నారో వినండి. 'కార్లో చోటు లేదు మాస్టారూ, వెనక సార్ ఒక్కరే కూర్చుంటారు. మీరు క్యాబ్‌లో వచ్చేయండి, బిల్లు ఇచ్చేస్తాం.'

ఏడుగురు కూర్చునే బండి! వెనక రెండు వరసలు! ఒక్క మనిషి, ఒక బొకే! ఆ బొకే పక్కన హార్మోనియం పెట్టుకోవడానికి చోటు లేదా? వెళ్తున్నది ఇద్దరూ ఒకే హాలుకి, ఒకే సాయంత్రం, ఒకే వేదిక మీదికి. బండి కదులుతుంటే ఆ కుర్రాళ్లలో ఒకడు అద్దం దించి చేయి ఊపాడట. ఇది చెప్పి బాబాయ్ నాతో ఏమన్నాడో తెలుసా? 'వాళ్లనేమీ అనకురా, మనవాళ్లే.' అందుకే ఆ సంస్థ పేరు ఇక్కడ రాయడం లేదు. ఆయన మాట మీద గౌరవంతోనే.

ఇది ఇవాళ్టి రోగం కాదు. నాటకం పేరుతో హాలు తీసుకుని సన్మాన సభలు పెట్టడం ఎప్పటినుంచో చూస్తున్నాం. కరపత్రంలో ఆరింటికి నాటకం అని వేస్తారు. ఆరింటికి జ్యోతి ప్రజ్వలన కూడా ఉండదు, అతిథి దారిలో ఉంటాడు. ఆయన వచ్చాక ప్రార్థన, స్వాగతం, అధ్యక్షుడు, విశిష్ట అతిథి, ఆత్మీయ అతిథి, గౌరవ అతిథి. ఒక్కొక్కరికీ శాలువా, జ్ఞాపిక, ఫొటో. ఒక ఫొటో సరిగా రాకపోతే శాలువా విప్పి మళ్లీ కప్పుతారు. అంతసేపూ గ్రీన్‌రూంలో మొహానికి రంగు పూసుకుని, కిరీటం ఒళ్లో పెట్టుకుని నటులు కూర్చుంటారు. దాహం వేసినా రంగు చెదురుతుందని నీళ్లు జాగ్రత్తగా తాగుతారు. ఉపన్యాసాల్లో బళ్లారి రాఘవ పేరొస్తుంది, స్థానం నరసింహారావు పేరొస్తుంది, తెలుగు నాటకానికి పూర్వ వైభవం రావాలన్న మాటా వస్తుంది. వైభవం పక్క గదిలో చెమటలు పట్టి కూర్చుంది, వెళ్లి చూడండి ఒకసారి! తెర లేచేసరికి ఎనిమిదిన్నర. అతిథి మొదటి రంగం మధ్యలో లేచి వెళ్తాడు, ఆయన వెనకే ముందు వరసంతా వెళ్తుంది. పదింటికి హాలు ఖాళీ చేయాలి. అప్పుడు తెర పక్కకి ఎవరో వచ్చి హార్మోనిస్టు చెవిలో, 'మాస్టారూ, రాగాలు తగ్గించండి, టైం లేదు' అంటాడు. గంటన్నర ఉపన్యాసానికి ఉన్న టైం ఒక్క పద్యం రాగానికి లేదు.

ఈ మాట బాబాయ్‌కి ఎన్నిసార్లు చెప్పారో నాకు తెలుసు. చెప్పినప్పుడల్లా ఆయన చేతులు బెలోస్ మీద, అదే హార్మోనియం గాలి తిత్తి మీద, ఒక్క క్షణం ఆగుతాయి. ముందు వరసలో కూర్చుని నేను చూశాను.

కాంట్రాక్టర్లు కళాకారుల్ని పిలిపించి ఆడించిన కాంట్రాక్టు నాటకాల రోజుల్లో కాంట్రాక్టర్ డబ్బు మనిషే, కళాసేవకుడేమీ కాదు. అయినా రైలు వచ్చే టైంకి స్టేషన్ బయట జట్కా ఉండేదని బాబాయ్ చెబుతాడు. కృష్ణుడి వేషగాడికీ అదే, హార్మోనిస్టుకీ అదే. దిగగానే కాఫీ, స్నానానికి వేడినీళ్లు. ఎందుకంటే రాత్రి ఆట రక్తి కట్టాలంటే వీళ్లు కులాసాగా ఉండాలని అతనికి తెలుసు. 1885లో మొదలైన సురభి నాటక కుటుంబాల వాళ్లు పిల్లాపాపలతో, తెరలతో, సెట్టింగులతో ఊరూరా తిరిగారు. ఇప్పటికీ సామానంతా వాళ్లే మోసుకుంటున్నారు. మోస్తారు కదా అని మోయనిస్తూనే ఉందామా?

పైగా ఏ హాలు అది? టాగూర్ శతజయంతికి, 1961లో, ఆయన పేరు మీద కట్టిన హాలు. ఆ శతజయంతి సందర్భంగా దేశంలో చాలా చోట్ల ఇలాంటివి కట్టారు, బెంగళూరు రవీంద్ర కళాక్షేత్ర కూడా అందులోదే. కట్టింది పాడేవాళ్ల కోసం, ఆడేవాళ్ల కోసం, వాయించేవాళ్ల కోసం. అక్కడ వేదికెక్కాలని జీవితాంతం ఎదురుచూసే కళాకారులు జిల్లాల్లో వందలమంది ఉన్నారు. బాబాయ్ ఆ స్టేజీ మెట్ల దగ్గర చెప్పులు విడిచి, మెట్టుకి దణ్ణం పెట్టి పైకెక్కుతాడు. అలాంటి మనిషిని దారిలోనే చిన్నబుచ్చి పంపించారు.

ఎలా వెళ్లాడంటారా? ఎవరో పోర్టర్ కుర్రాడు చూసి, మెహదీపట్నం మీదుగా పోయే పుష్పక్ బస్సు ఎక్కించాడు. పెట్టె కూడా అతనే ఎత్తాడు, డబ్బులిస్తే తీసుకోలేదు. మెహదీపట్నంలో దిగి ఆటో. నేను మియాపూర్ నుంచి మెట్రోలో వెళ్లి గేటు దగ్గర పట్టుకున్నాను. అప్పటికి లోపల మూడో శాలువా నడుస్తోంది. కాబట్టి ఆలస్యమైందని కూడా ఎవరికీ తెలియలేదు. నాటకం ఎనిమిది దాటాకే మొదలైంది, ఆయన శ్రుతి ఇచ్చాడు, పద్యాలు పండాయి. జనం చప్పట్లు కొట్టారు. బిల్లు సంగతి ఎవరూ ఎత్తలేదు. మేమూ అడగలేదు.

నాటక సంస్థల వాళ్లు ఈ పోస్ట్ చదువుతుంటే ఒక పని చేయండి. ఈసారి బడ్జెట్ రాసేటప్పుడు శాలువాల లైను కింద కాదు, పైన, బయటి ఊరి కళాకారులకి బండి అని రాయండి. యాప్ కాదు, తెలిసిన ట్రావెల్స్ బండి, డ్రైవర్ నంబర్ ముందు రోజే కళాకారుడి చేతిలో ఉండేలా. ఇద్దరు అతిథులు తగ్గితే ఆ ఖర్చు వచ్చేస్తుంది. డబ్బుల్లేవని మాత్రం నాతో అనకండి, ఇవాళ స్టేజీ మీద పూల అలంకరణ నేను చూశాను.

బాబాయ్ ఎల్లుండి తిరిగి వెళ్తున్నాడు. ఆఫీసుకి సెలవు చెప్పేశాను, నా బండిలో నేనే దింపుతాను. నిర్వాహకుల్లో ఒకాయన ఇందాకే మెసేజ్ పెట్టాడు, కారు పంపమంటారా అని. జవాబు ఇక్కడే ఇస్తున్నాను: అక్కర్లేదండీ. వచ్చినప్పుడు పంపాల్సింది.