మాస్టర్ 4 కేటగిరీ గారికి ఒక బంగారు పతక విజేత మొర

అయ్యా,

మొన్న శనివారం బ్రెజిలియన్ జియు-జిట్సు (ఒక రకం కుస్తీ) పోటీలో, 46-50 ఏళ్ల వాళ్ల విభాగమైన తమరు దయచేసిన బంగారు పతకం అందింది. అందుకోసం నేను పడ్డ శ్రమల్లా కుర్చీలో కూర్చోవడమే.

ఫ్రిస్కో నుంచి హ్యూస్టన్‌కి తెల్లవారుజామున నాలుగింటికి బయల్దేరాను. గీ అనే పోటీ దుస్తులతో కలిపి తూస్తారు కదా, 82.3 కిలోలు దాటకూడదని మూడు వారాలు అన్నం మొహం చూడలేదు. వార్మప్ రెండుసార్లు చేశాను, మొదటిసారి నడుము నమ్మలేదు. రెండున్నరకి పేరు పిలిచారు. వెళ్ళి నిలబడితే ఎదురుగా ఎవరూ లేరు. రిఫరీ నా చెయ్యి పైకెత్తేశాడు. బ్రాకెట్‌లో ఉన్నదే ఇద్దరం. ఆ రెండో పెద్దమనిషికి గురువారం మోకాలు పట్టేసిందట.

30 ఏళ్లకే మాస్టర్ 1 అనడం, తెల్ల బెల్టు తర్వాతి మెట్టు మీదే ఉన్న నీలం బెల్టు వాణ్ణి పట్టుకుని మాస్టర్ అనడం... ఆ వెటకారాలు వదిలేస్తున్నాను. వయసుకో గీత, బెల్టుకో గీత, బరువుకో గీత గీశాక గడిలో ఒక్కడు కాక ఎంతమంది మిగులుతారు? మా జిమ్ములోనే తమరి వయసు వాళ్లు ఆరుగురున్నారు. రమ్మంటే ఒకరికి భుజం, ఒకరికి మెడ, ఒకరికి కూతురి గ్రాడ్యుయేషన్. పక్క మ్యాట్ మీద పాతికేళ్ల కుర్రాడొకడు ఓడిపోయి ఏడుస్తున్నాడు. వాణ్ణి చూస్తే కుళ్లొచ్చింది. ఓడిపోవడానికైనా మనిషి కావాలి కదండీ!

మా ఆవిడ పతకం ఫొటో ఫ్యామిలీ గ్రూపులో పెట్టేసింది. తెనాలి నుంచి మామగారి ఫోను: "ఎంతమందిని పడగొట్టారు అల్లుడుగారూ?" పోటీ గట్టిగానే ఉందన్నాను. అబద్ధమేం కాదు, పార్కింగ్ దగ్గర.

2016లో టీవీ షెఫ్ ఆంథోనీ బోర్డెయిన్ 59 ఏళ్ల వయసులో, నీలం బెల్టుతోనే, న్యూయార్క్‌లో మాస్టర్ 5 బంగారం గెలిచాడని చదివి ఈ రొంపిలోకి దిగాను. ఇందుకా? గార్డ్, అంటే కిందున్నవాడి కాళ్ల అడ్డు, దాటితే 3 పాయింట్లు, మౌంట్, అంటే వాడి మీదెక్కి కూర్చుంటే, 4 అంటారు. ఎవరి మీద ఎక్కమంటావయ్యా, గాలి మీదా? నీ పతకం నువ్వే ఉంచుకో. నాకు రావలసిన అయిదు నిమిషాల కుస్తీ నాకివ్వు!

అక్టోబర్ పోటీకి ఫీజు కట్టేశాను, సిగ్గులేదు. లిస్టులో ఆ మోకాలి పెద్దమనిషి పేరూ ఉంది. నిన్న గుడికెళ్ళి ఆయన పేరు మీద అర్చన చేయించాను. పంతులుగారు గోత్రం అడిగితే నాదే చెప్పాను.

ఇట్లు,
ఎవరినీ ఓడించని విజేత