బేస్‌బాల్ గేటు దగ్గరి సోదా ఎవరి రక్షణ కోసం?

అమెరికాలో బేస్‌బాల్ మ్యాచ్ చూడటానికి వెళ్లే అభిమాని ఇప్పుడు విమాన ప్రయాణికుడిలాగే గేటు దగ్గర జేబులు ఖాళీ చేసి చూపించవలసి వస్తోంది. 2013 ఏప్రిల్ 15న బోస్టన్ మారథాన్‌లో బాంబులు పేలిన తర్వాత, దేశ అంతర్గత భద్రత చూసే హోంల్యాండ్ సెక్యూరిటీ విభాగంతో సంప్రదించి, అగ్రశ్రేణి పోటీలు నడిపే మేజర్ లీగ్ బేస్‌బాల్ సంస్థ 2014 జనవరిలో ఒక ఆదేశం ఇచ్చింది. 2015 సీజన్ మొదలయ్యే నాటికి 30 జట్ల స్టేడియాల్లోనూ ప్రతి ప్రేక్షకుడినీ మెటల్ డిటెక్టర్‌తో తనిఖీ చేశాకే లోపలికి పంపాలన్నది దాని సారాంశం. ఆ తర్వాత కట్టుబాట్లు పెరుగుతూనే వచ్చాయి. 16 అంగుళాల పొడవు, 16 అంగుళాల వెడల్పు, 8 అంగుళాల మందం మించిన సంచిని చాలా స్టేడియాలు అనుమతించవు. కొన్ని చోట్ల వీపున తగిలించుకునే బ్యాగు ఎంత చిన్నదైనా లోపలికి తీసుకెళ్లనివ్వరు. ఇప్పుడు కృత్రిమ మేధతో ఆయుధాలను గుర్తిస్తాయని చెప్పే యంత్రాలు, ముఖాన్ని చూసి గేటు తెరిచే కెమెరాలు కూడా వచ్చాయి.

ఇదంతా అభిమాని ప్రాణాలు కాపాడటానికేనని యాజమాన్యాలు చెబుతున్నాయి. పదేళ్లకు పైబడిన అనుభవం తర్వాత ఆ మాటను ఒప్పుకోవడం కష్టం. గేటు దగ్గరి సోదా మొట్టమొదట కాపాడేది యాజమాన్యాన్ని, అదీ కోర్టు దావాల నుంచి. అభిమాని భద్రత ఆ తర్వాతి స్థానంలో ఉంటుంది. చాలా సందర్భాల్లో గేటు బయటే మిగిలిపోతుంది.

ముందుగా ఆ గేటు బయటి సంగతే చూద్దాం. ఈ ఆదేశానికి కారణమైన బోస్టన్ దాడి స్టేడియంలో జరగలేదు. ఆ రోజు బోస్టన్‌లోని ఫెన్‌వే పార్క్ స్టేడియంలో రెడ్ సాక్స్ జట్టు మ్యాచ్ ముగిసిన కొంతసేపటికే, అక్కడికి దాదాపు మైలు దూరంలోని బాయిల్‌స్టన్ వీధిలో, ఎలాంటి గేటూ లేని చోట జనం మధ్య బాంబులు పేలాయి. 2017 మే 22న మాంచెస్టర్ అరీనాలో ఆత్మాహుతి దాడి చేసిన వ్యక్తి టికెట్ తనిఖీ హద్దు దాటనే లేదు; కచేరీ ముగిసి బయటికి వస్తున్న జనం కోసం ఆ హద్దుకు ఇవతలి హాల్లో కాచుకుని 22 మందిని పొట్టన పెట్టుకున్నాడు. అదే ఏడాది అక్టోబర్ 1న లాస్ వెగాస్‌లో కచేరీ ప్రాంగణంపై తూటాల వర్షం కురిపించినవాడు ఎదుటి హోటల్ 32వ అంతస్తులో ఉన్నాడు. 2021 జూలై 17న వాషింగ్టన్‌లోని నేషనల్స్ పార్క్‌లో ఆరో ఇన్నింగ్స్ జరుగుతుండగా తుపాకీ మోతలు వినిపించి, ప్రేక్షకులు ప్రాణభయంతో మైదానం అంచున ఆటగాళ్లు కూర్చునే డగౌట్లలోకి పరుగెత్తినప్పుడు కూడా కాల్పులు జరిగింది స్టేడియం బయటి వీధిలోనే. మన దగ్గర చూసినా బెంగళూరు చిన్నస్వామి స్టేడియం దగ్గర 2010లో బాంబులు పేలిందీ, 2025 జూన్ 4న తొక్కిసలాటలో 11 మంది చనిపోయిందీ గోడకు బయటివైపే.

జనం గుమిగూడిన చోటే ముప్పు ఉంటుంది. తనిఖీ ఎంత నెమ్మదిస్తే గేటు బయట జనం అంత గుమిగూడుతారు. ఇందులోని లెక్క ఎవరైనా వేసుకోగలిగినదే. మ్యాచ్‌కు ముందు చివరి గంటలో 20,000 మంది వస్తారని, 30 తనిఖీ ద్వారాలు తెరిచి ఉన్నాయని అనుకుందాం. ఒక్కొక్కరికి 5 సెకన్లు పడితే గంట తిరిగేలోపు అందరూ లోపల ఉంటారు. అదే తనిఖీకి 8 సెకన్లు పడితే గంట గడిచేసరికి లోపలికి వెళ్లేది 13,500 మందే. మిగిలిన 6,500 మంది ఆట మొదలయ్యే సమయానికి రోడ్డు పక్కన, ఎలాంటి రక్షణా లేకుండా, ఒకరినొకరు ఆనుకుని నిలబడి ఉంటారు. బేస్‌బాల్‌కు ఇది మరీ పెద్ద సమస్య. అమెరికన్ ఫుట్‌బాల్ జట్టు సొంత మైదానంలో ఏడాదికి ఎనిమిదో తొమ్మిదో మ్యాచ్‌లు ఆడితే, బేస్‌బాల్ జట్టు 81 ఆడుతుంది. వాటిలో చాలా మ్యాచ్‌లు వారం మధ్యలో, సాయంత్రం పూట జరుగుతాయి. ఆఫీసు నుంచి నేరుగా వచ్చేవాళ్లు, బడి పిల్లలను వెంటబెట్టుకుని వచ్చేవాళ్లు అంతా చివరి అరగంటలోనే గేటు దగ్గరికి చేరతారు. ఒక్క 2024లోనే ఈ స్టేడియాలకు 7 కోట్లకు పైగా ప్రేక్షకులు వచ్చారు. ఇంతమందిని రోజూ వీధిలో నిలబెట్టే పద్ధతిని భద్రత అని పిలవడానికి మనసు ఒప్పదు.

అవతలి వాదనలోనూ బలం లేకపోలేదు. ఇంటింటా తుపాకులున్న దేశంలో వేలమంది మద్యం తాగి, పంతాలు పెంచుకుని కూర్చునే చోటికి ఆయుధాలు రాకుండా చూడటం అవసరమే. 2015 నవంబర్ 13న పారిస్‌లోని స్టాడ్ ద ఫ్రాన్స్ దగ్గర బాంబులు కట్టుకుని వచ్చినవాళ్లు లోపలికి వెళ్లలేక బయటే పేల్చుకున్నారు. లోపల వేలమంది బతికిపోయారు. అందువల్ల సోదాను పూర్తిగా ఎత్తివేయమని అడగడం లేదు. దాని పేరు చెప్పి యాజమాన్యాలు దేన్నుంచి తప్పించుకుంటున్నాయన్నదే అసలు ప్రశ్న.

ఆ ప్రశ్నకు జవాబు స్టేడియం లోపలే దొరుకుతుంది. మేజర్ లీగ్ స్టేడియం లోపల ఉగ్రవాద దాడిలో ప్రేక్షకుడు చనిపోయిన ఘటన ఇంతవరకు లేదు. బంతి తగిలి చనిపోయినవాళ్లు, పైఅంతస్తు నుంచి పడి చనిపోయినవాళ్లు మాత్రం ఉన్నారు. బ్యాట్‌కు తగిలి పక్కలకు దూసుకుపోయే బంతిని ఫౌల్ బాల్ అంటారు. గంటకు 100 మైళ్లు దాటిన వేగంతో ప్రేక్షకుల మీదికి వచ్చే ఆ బంతి వల్ల ఏటా దాదాపు 1,750 మంది గాయపడుతున్నారని బ్లూమ్‌బర్గ్ వార్తా సంస్థ 2014లో అంచనా వేసింది. మెటల్ డిటెక్టర్ల ఆదేశం వచ్చిందీ అదే ఏడాది. 2017 సెప్టెంబర్‌లో యాంకీ స్టేడియంలో ఒక పసిపాప ముఖానికి బంతి తగిలింది. 2018 ఆగస్టులో లాస్ ఏంజెలెస్‌లోని డాడ్జర్ స్టేడియంలో 79 ఏళ్ల మహిళ తలకు బంతి తగిలి నాలుగు రోజుల తర్వాత కన్నుమూశారు. 2019 మే 29న హ్యూస్టన్‌లో రెండేళ్ల చిన్నారికి పుర్రె ఎముక విరిగింది. ఆ బంతిని కొట్టిన ఆల్బర్ట్ అల్మోరా మైదానంలోనే మోకాళ్ల మీద కూర్చుండిపోయి ఏడ్చాడు.

దీనికి పరిష్కారం కొత్తగా కనిపెట్టవలసినది కాదు. ప్రేక్షకులకూ మైదానానికీ మధ్య ఒక వల కట్టాలి, అంతే. జపాన్‌లో మైదానం పక్కల పొడవునా వలలు కట్టడం ఎన్నాళ్లుగానో ఉంది. అయినా మేజర్ లీగ్ 2015 డిసెంబర్‌లో ఒక సిఫారసుతో సరిపెట్టి, ఎంత దూరం కట్టాలన్నది జట్ల ఇష్టానికి వదిలేసింది. 30 స్టేడియాల్లోనూ వలలను డగౌట్లు దాటేలా పొడిగిస్తామని కమిషనర్ రాబ్ మాన్‌ఫ్రెడ్ చెప్పడానికి 2019 డిసెంబర్ దాకా ఆగవలసి వచ్చింది. 7 కోట్ల మంది జేబులు వెతకడానికి ఒక్క ఆదేశం, పదిహేను నెలల గడువు సరిపోయాయి. పసిపిల్లల ముఖాల ముందు వల కట్టడానికి మాత్రం ఇన్ని ప్రమాదాలు, ఇన్నేళ్ల కాలం కావలసి వచ్చింది. రెయిలింగ్‌ల సంగతీ ఇంతే. 2011 జూలైలో టెక్సస్‌లోని ఆర్లింగ్టన్‌లో ఒక తండ్రి, ఆటగాడు తమవైపు విసిరిన బంతిని అందుకోబోయి, ఆరేళ్ల కొడుకు చూస్తుండగానే కింద పడి చనిపోయాడు. ఆ తర్వాతే అక్కడ ముందు వరుసల రెయిలింగ్‌ను 42 అంగుళాలకు పెంచారు. 2015 ఆగస్టులో అట్లాంటాలో మరో అభిమాని పైఅంతస్తు నుంచి పడి చనిపోయాడు. వీధి గుమ్మానికి నాలుగు తాళాలు వేసి, పెరటి గోడ కూలిపోతున్నా పట్టించుకోని ఇంటి యజమాని తీరు ఇది.

ఈ తేడాకు కారణం చట్టంలో ఉంది. బంతి తగిలి గాయపడిన ప్రేక్షకుడు దావా వేస్తే జట్లను కాపాడటానికి ‘బేస్‌బాల్ రూల్’ అనే సూత్రం ఉంది. 1913లో మిస్సోరి కోర్టు తీర్పుతో స్థిరపడిన ఈ సూత్రం ప్రకారం, బ్యాటర్ నిలబడే హోమ్ ప్లేట్ వెనుక కొన్ని సీట్లకు వల కట్టి ఇస్తే యాజమాన్యం బాధ్యత తీరిపోతుంది. మిగతా చోట కూర్చున్నవాళ్లు ప్రమాదానికి సిద్ధపడి వచ్చినట్లే లెక్క. ఇల్లినాయిస్, అరిజోనా వంటి రాష్ట్రాలు దీన్ని ఏకంగా చట్టంగా మార్చాయి. వల కట్టకపోయినా నష్టం లేనప్పుడు యాజమాన్యం తొందరపడదు. ఉగ్రవాదం విషయంలో పరిస్థితి ఇందుకు తలకిందులు. 2002లో వచ్చిన సేఫ్టీ యాక్ట్ ప్రకారం, హోంల్యాండ్ సెక్యూరిటీ ఆమోదించిన భద్రతా విధానాలు పాటించే సంస్థపై, ఉగ్రదాడి తర్వాత వేసే దావాల్లో పరిహారానికి పరిమితి ఉంటుంది, శిక్షాత్మక పరిహారం అసలే ఉండదు. ఈ రక్షణను ఫుట్‌బాల్ లీగ్ 2008లోనే సంపాదించింది; యాంకీ స్టేడియం వంటి బేస్‌బాల్ మైదానాలు ఆ దారిలోనే నడిచాయి. అంటే ఒక చోట ఏమీ చేయకపోవడం వల్ల యాజమాన్యానికి రక్షణ దొరుకుతోంది, మరో చోట మనిషి మనిషినీ సోదా చేయడం వల్ల అదే రక్షణ దొరుకుతోంది.

ఈ చట్టం బాధితుల మీద ఎలా పనిచేస్తుందో లాస్ వెగాస్ ఉదంతమే చూపించింది. కాల్పులు జరిపినవాడు దిగిన హోటల్‌కు యజమాని అయిన ఎంజీఎం సంస్థ, 2018 జూలైలో వెయ్యిమందికి పైగా బాధితులను ప్రతివాదులుగా చేర్చి తానే కోర్టుకు వెళ్లింది. కచేరీకి కాపలా కాసిన సంస్థకు సేఫ్టీ యాక్ట్ ధ్రువీకరణ ఉంది గనుక తమకు ఏ బాధ్యతా లేదని ప్రకటించమని కోరింది. ప్రజల ఆగ్రహం తర్వాత చివరకు పెద్ద మొత్తంలో పరిహారానికి ఒప్పుకున్న మాట నిజమే. కానీ మొదటి అడుగు ఎటు వేసిందో మరచిపోకూడదు. తుపాకీ గుండు తగిలినవాళ్ల మీద ఎత్తడానికి ఒక భద్రతా ధ్రువపత్రం కవచంగా పనికొచ్చింది.

కొత్త యంత్రాలు ఈ పరిస్థితిని బాగుచేయడం లేదు. న్యూయార్క్‌లోని సిటీ ఫీల్డ్ సహా అనేక స్టేడియాలు వాడుతున్న ఇవాల్వ్ సంస్థ యంత్రాలను 2024లో న్యూయార్క్ సబ్‌వేలో పరీక్షించారు. 2,749 తనిఖీల్లో 118 తప్పుడు హెచ్చరికలు వచ్చాయి, 12 కత్తులు దొరికాయి, తుపాకీ ఒక్కటీ దొరకలేదు. తన యంత్రాల సామర్థ్యం గురించి ఆ సంస్థ తప్పుదోవ పట్టించే ప్రచారం చేసిందని ఫెడరల్ ట్రేడ్ కమిషన్ అదే ఏడాది నవంబర్‌లో చర్య తీసుకుంది. ఇక మెటల్ డిటెక్టర్లున్న షికాగో వైట్ సాక్స్ మైదానంలో 2023 ఆగస్టు 25న మ్యాచ్ చూస్తున్న ఇద్దరు మహిళలకు తూటా గాయాలయ్యాయి. అది లోపల పేలిన తుపాకీయా, బయటి నుంచి వచ్చిన తూటానా అన్నది అప్పట్లో పోలీసులు తేల్చి చెప్పలేకపోయారు. ఆట ఆపలేదు, మ్యాచ్ తర్వాతి కచేరీని మాత్రం సాంకేతిక ఇబ్బందుల పేరిట రద్దు చేశారు. తమకు కొన్ని వరుసల దూరంలో ఏం జరిగిందో తెలియకుండానే వేలమంది చివరి ఇన్నింగ్స్ దాకా కూర్చున్నారు. గేటు దగ్గర అభిమాని సంచిలో ప్రతి వస్తువునూ చూసే హక్కు తమకుందనే యాజమాన్యం, లోపల తూటా తగిలిందన్న సంగతి అదే అభిమానికి చెప్పలేదు. ఈ ఏకపక్ష వ్యవహారమే నాకు అన్నిటికన్నా అభ్యంతరకరంగా కనిపిస్తోంది.

విమానాశ్రయాలతో పోలిస్తే విషయం ఇంకా స్పష్టమవుతుంది. అక్కడ సోదా చేసే టీఎస్ఏ ప్రభుత్వ సంస్థ. ఏటా ఎన్ని తుపాకులు పట్టుకుందో ప్రకటిస్తుంది. 2024లో ఆ లెక్క 6,678. స్టేడియం సోదాలకు అలా ఏటా లెక్క చెప్పే ఆనవాయితీ లేదు. ఈ మైదానాలు కేవలం ప్రైవేటు ఆస్తులైతే ఆ గోప్యతను కొంతవరకు అర్థం చేసుకోవచ్చు. నేషనల్స్ పార్క్ దాదాపు పూర్తిగా ప్రజాధనంతో కట్టినది. ఆర్లింగ్టన్‌లోని గ్లోబ్ లైఫ్ ఫీల్డ్‌కు 50 కోట్ల డాలర్ల దాకా ఇవ్వడానికి ఓటర్లు 2016లో ఒప్పుకున్నారు. పన్ను కట్టి స్టేడియం కట్టించినవాళ్లు, అదే స్టేడియంలో తమను ఎందుకు, ఎలా వెతుకుతున్నారో అడిగితే జవాబు రాదు. ఇప్పుడు ముఖాలు కూడా ఈ లెక్కలో చేరుతున్నాయి. 2023లో ఫిలడెల్ఫియాలో మొదలైన ముఖ గుర్తింపు ప్రవేశం మరుసటి ఏడాదికే హ్యూస్టన్, శాన్ ఫ్రాన్సిస్కో, వాషింగ్టన్‌లకు పాకింది. ప్రస్తుతానికి అది ఐచ్ఛికమే. ఫోటోను దాచుకోబోమని లీగ్ చెబుతోంది. న్యూయార్క్‌లో మాడిసన్ స్క్వేర్ గార్డెన్ అనే ఇండోర్ స్టేడియం యాజమాన్యం, తమపై కేసులు వాదిస్తున్న సంస్థల న్యాయవాదులను ఇదే సాంకేతికతతో గుర్తించి వెనక్కి పంపిన ఉదంతాన్ని 2022లోనే చూశాం. భద్రత పేరుతో వచ్చిన పరికరం యజమాని పగ తీర్చుకోవడానికి అలా పనికొచ్చింది.

ఇది అక్కడి తెలుగువాళ్లకు దూరపు విషయం కాదు. డల్లాస్ పరిసరాల్లో మనవాళ్లు క్రికెట్ చూడటానికి వెళ్లే గ్రాండ్ ప్రెయిరీ స్టేడియం ఒకప్పటి బేస్‌బాల్ మైదానమే. 2024 జూన్ 9న న్యూయార్క్ శివార్లలోని నాసావులో జరిగిన భారత్-పాకిస్తాన్ మ్యాచ్‌కు, బెదిరింపుల నేపథ్యంలో, ఎంత పటిష్ఠమైన బందోబస్తు పెట్టారో టీవీలో అందరూ చూశారు. బేస్‌బాల్ అభిమాని ఈ రోజు ఒప్పుకున్న షరతులే రేపు అమెరికాలోని ప్రతి క్రికెట్ గేటు దగ్గరా అమలవుతాయి.

కాబట్టి సోదాకు బదులుగా అభిమాని కొన్నింటిని హక్కుగా అడగాలి. సేఫ్టీ యాక్ట్ రక్షణ కావాలనుకునే యాజమాన్యం గేటు బయటి క్యూను కూడా స్టేడియంలో భాగంగానే లెక్కించాలి, అక్కడ వాహనాలు దూసుకురాకుండా అడ్డుకట్టలు కట్టాలి, వేచి ఉండే సమయానికి గరిష్ఠ పరిమితి పెట్టుకుని అందుకు తగినన్ని ద్వారాలు తెరవాలి, ఏటా ఏ వస్తువులు ఎన్ని దొరికాయో ప్రకటించాలి. ఈ షరతులు చేర్చే అధికారం అమెరికా కాంగ్రెస్‌కు ఉంది. బేస్‌బాల్ రూల్‌ను తొలగించే అధికారం రాష్ట్రాల శాసనసభలకు, కోర్టులకు ఉంది. ఆ రూల్ పోతే ఆటే బతకదని జట్లు వాదిస్తుంటాయి. ఐడహో రాష్ట్రంలో బోయిసీ నగరపు చిన్న లీగ్ జట్టు ఆడే మైదానంలో ఫౌల్ బాల్ తగిలి కన్ను పోగొట్టుకున్న ప్రేక్షకుడి కేసులో ఐడహో సుప్రీంకోర్టు 2013లోనే దాన్ని స్వీకరించడానికి నిరాకరించింది. అక్కడ ఆ తర్వాత కూడా బేస్‌బాల్ ఆడుతూనే ఉన్నారు.