మోక్షానికి సీనియారిటీ లిస్టు కావాలి

ఒడిశాలోని మా బరంపురంలో ఏళ్ళ తరబడి యోగా చేస్తున్నవారికి జరుగుతున్న అన్యాయం గురించి ఎవరో ఒకరు రాయాలి. 2014 డిసెంబరు 11న ఐక్యరాజ్యసమితి జూన్ 21ని యోగా దినంగా ప్రకటించింది. అప్పటి నుంచి ఏడాదికొక పూట వంగినవాడికే టీషర్టు, పేపర్లో ఫోటో. మిగతా రోజులన్నీ చీకటితో లేచి చాప చంకన పెట్టుకుని పార్కుకు వచ్చేవాడికి ఏముంది? వాడి ఆత్మ ఎంత ఎత్తుకు పోయిందో కొలిచి, సంతకం పెట్టి, సీలు వేసి ఇచ్చే ఆఫీసు గంజాం జిల్లా మొత్తంలో ఒక్కటీ లేదు.

ఎత్తుకు పోయిందనడానికి సాక్ష్యం ఏమిటని అడిగే నాస్తికులుంటారు. యోగసూత్రాలు రాసిన పతంజలినే పిలుద్దాం. అభ్యాసం గట్టిపడాలంటే చాలాకాలం, ఎడతెగకుండా, ఆదరంతో సాగాలని మొదటి భాగమైన సమాధి పాదం 14వ సూత్రంలో అన్నాడాయన. మావాళ్ళది చాలాకాలమే, తగాదా లేదు. ఎడతెగకుండా అన్నచోట వానలు, పెళ్ళిళ్ళు, రెండేళ్ళకోసారి వచ్చే మా ఊరి అమ్మవారి జాతర ఠాకురాణి యాత్ర మినహాయించాలి. దానికి బదులుగా, 2013 అక్టోబరు 12 రాత్రి ఫైలిన్ తుపాను గోపాలపురం దగ్గర తీరం దాటుతుంటే ఊరంతా ఊపిరి బిగబట్టుకుని కూర్చుంది కదా, ఆ కుంభకాన్ని సర్వీసులో కలపమంటున్నారు. న్యాయమే. ఇక ఆదరం. అది సాధన మీద ఉండాలని వ్యాఖ్యాతలు అంటారు, తమ మీద ఉండాలని మా సీనియర్లు అంటారు. వ్యాఖ్యాతలు మా పార్కుకు ఎన్నడూ రాలేదు కాబట్టి సీనియర్ల మాటే చెల్లుతుంది.

అసలు పరీక్ష జరిగేది మొదటి వరసలో, వేపచెట్టు కింద. అక్కడ గాలి తగులుతుంది, గురువుగారి కన్ను పడుతుంది, ఫోటో తీస్తే ముందు పడతారు. మొన్న ఇచ్ఛాపురం నుంచి కూతురింటికి వచ్చిన ఒక పెద్దాయన తెలియక అక్కడ తువ్వాలు పరిచాడు. ‘శ్వాస నిఅంతు’, అంటే ఊపిరి తీసుకోండి, అని గురువుగారు ఒడియాలో అంటుండగానే మా సీనియర్ మేష్టారు వచ్చి నిలబడ్డారు.

“బాబూ, ఇది నా చోటు.”

“పార్కు కార్పొరేషనుది కదండీ మేష్టారూ?”

“నేల కార్పొరేషనుదే. ఇక్కడ పన్నెండేళ్ళ నా ప్రాణశక్తి ఉంది. నువ్వు దాని మీద కూర్చున్నావు.”

పెద్దాయన ఉలిక్కిపడి లేచి, తువ్వాలు దులిపి మరీ చూసుకున్నాడు. ‘ఛాడంతు’, వదలండి, అని గురువుగారు అన్నప్పుడు ఊపిరి వదిలినవాళ్ళే అందరూ, చోటు వదిలినవాడు ఆయనొక్కడే. ఏదీ కూడబెట్టుకోవద్దనే అపరిగ్రహం, యోగి పాటించాల్సిన కట్టుబాట్లయిన యమాల్లో ఐదోది. మేష్టారు ఇల్లు కొడుకు పేర రాశారు, పొలం కూతురికిచ్చారు, ఆరడుగుల నేల మాత్రం ఉంచుకున్నారు. అంతటి త్యాగాన్ని ఆక్రమణ అనడం మన సంస్కారం కాదు.

సుఖంగా ఉన్నవాడితో స్నేహం, కష్టంలో ఉన్నవాడి మీద కరుణ, మంచివాడిని చూసి సంతోషం, చెడ్డవాడి పట్ల ఉపేక్ష ఉంటే మనసు తేటపడుతుందని ఇంకొక సూత్రం. ఎవడు ఏ కోవకు చెందినవాడో పొద్దున్నే తేల్చడం కష్టం కాబట్టి మావాళ్ళు అందరికీ ఉపేక్షే ఖాయం చేశారు. కొత్తవాడు నమస్కారం పెడితే కళ్ళు మూసుకుంటారు. దాన్ని ధ్యానం అంటారు.

సిద్ధుల సంగతి మరీ చెప్పుకోదగ్గది. ఇతరుల మనసు తెలుసుకోవడం, పూర్వజన్మ ఎరుక లాంటి అతీత శక్తులన్నీ యోగసూత్రాల మూడో భాగం విభూతి పాదంలో ఉన్నాయి. శవాసనం అయ్యాక బొరా, ఘుగుని అమ్మే టిఫిను బండి దగ్గర ఐదు నిమిషాలు నిలబడండి. ఎవరబ్బాయి భువనేశ్వర్లో ఉద్యోగం మానేశాడో, ఏ ఇంట్లో అన్నదమ్ములు వాటాలకు లాయరును చూశారో, ఒక్కరూ నోరు విప్పి చెప్పకుండానే వీళ్ళకు తెలిసిపోయి ఉంటుంది. ఈ సిద్ధులు సమాధికి అడ్డంకులని అదే పాదంలో పతంజలి హెచ్చరించాడు గానీ, మావాళ్ళ క్లాసు అంతవరకూ రాలేదు. మొత్తం 195 సూత్రాల్లో, కొన్ని ప్రతుల్లో 196, ఆసనం గురించి ఉన్నవి మూడు. ఆ మూడే ఇంకా పూర్తి కాలేదు.

కొందరు దీన్నంతా వేషం అంటున్నారు. తప్పు. ఠాకురాణి యాత్రలో మొక్కుకుని పులి వేషం కట్టినవాడు యాత్ర అయ్యాక రంగు కడుక్కుని దుకాణం తెరుచుకుంటాడు. మా యోగులు ఎన్నడైనా రంగు కడిగారా?

ఆఫీసు లేదు కాబట్టి సీనియారిటీ లిస్టు నేనే మొదలుపెట్టాను. దాని తయారీలో నాకు ఎదురైన చిక్కు ఒకటే. చివరి వరసలో ఒక పట్టు నేతగాడు కూర్చుంటాడు. మగ్గం మీద వంగి వంగి నడుం పట్టేస్తే ఎప్పుడో వచ్చాడట, నడుం బాగయ్యాక కూడా వస్తూనే ఉన్నాడు. సాధనలో ఏం సాధించావని ఫారం పట్టుకుని అడిగాను. “ఏటుంది బాబూ, ఇంట్లో కేకలెయ్యడం కాస్త తగ్గింది. మా ఆవిడ చెప్పింది, నాకు తెలీదు” అన్నాడు. ఫారంలో చక్రాలకు గడి ఉంది, కుండలినికి గడి ఉంది, కలలో కనిపించిన వెలుగు ఏ రంగో రాయడానికి రెండు లైన్లున్నాయి. దీనికి గడి లేదు. పైగా సాక్షి భార్య. ఆయన దరఖాస్తు పక్కన పెట్టాల్సి వచ్చింది.

లిస్టును ఖరారు చెయ్యడానికి వైరాగ్య కమిటీ వేశాం. అధ్యక్ష పదవికి మొదటి వరస మొత్తం నామినేషన్ వేసింది, ఉపసంహరణ గడువు దాటినా ఒక్కరూ వెనక్కి తగ్గలేదు. తనకు ఏ పదవీ అక్కర్లేదని మేష్టారు ఒక్కరే రాసిచ్చారు. శాశ్వత గౌరవ మార్గదర్శి అని వేసి, ఫ్లెక్సీలో ఫోటో మిగతావాళ్ళకంటే కాస్త పెద్దదిగా ఉంటే చాలన్నారు.