డెలివరీ ఫోటో

తిరుపతి, కొర్లగుంట. 2025 కార్తీక మాసం, రాత్రి తొమ్మిదిన్నర. మునిరత్నం రిటైరైన కొండ బస్సు డ్రైవరు. అలిపిరి నుంచి తిరుమలకు 26 ఏళ్లు బస్సు తిప్పినవాడు. కొడుకు గిరి రేణిగుంట రోడ్డులో ఒక కార్ల షోరూంలో సేల్స్ ఎగ్జిక్యూటివ్. గిరి వాళ్లమ్మ తిరుచానూరు గుడికి పోయి, అటే చెల్లెలి ఇంట్లో ఉండిపోయింది. కాబట్టి వీళ్లిద్దరినీ ఆపేవాళ్లు లేరు.

మునిరత్నం: నీ బండి స్టాండు వేస్తే వీధి చివర కుక్క కూడా లేచింది. రా, కూర్చో. మాట్లాడాలి.

గిరి: బూట్లు విప్పనీ నాన్నా. పొద్దున తొమ్మిదికి ఎక్కినవి.

మునిరత్నం: ఆదివారం చిత్తూరు పోతున్నాం. పెళ్లిచూపులు.

గిరి: ఆదివారమా? షోరూంలో ఆదివారం లీవడగడమంటే, నువ్వు గరుడసేవ రోజు లీవడిగినట్టు.

మునిరత్నం: అడిగాను. 1998లో, నీ బారసాలకి.

గిరి: ఇచ్చారా?

మునిరత్నం: ఇవ్వలేదు. అందుకే నీకు మీ అత్త పేరు పెట్టింది. ఆ మాట వదిలెయ్. వచ్చేటప్పుడు షోరూంలో ఒక కారు తీసుకురా. తెల్లది. పైన కిటికీ ఉండేది.

గిరి: సన్‌రూఫ్. అది టాప్ మోడల్ నాన్నా. తీసుకురావడానికి అది మన కోళ్లగూడా?

మునిరత్నం: అమ్మేవాడివి నువ్వే కదా!

గిరి: నగల కొట్లో పనిచేసేవాడు సాయంత్రం వడ్డాణం పెట్టుకుని ఇంటికొస్తాడా? డెమో కారు బయటికి తీస్తే రిజిస్టర్లో రాయాలి. కస్టమర్ పేరు, లైసెన్సు ఫోటో, పోయేటప్పుడు ఎన్ని కిలోమీటర్లు, వచ్చేటప్పుడు ఎన్ని.

మునిరత్నం: కస్టమర్ పేరు మునిరత్నం అని రాయి. హెవీ లైసెన్సు ఉంది నాకు. టెస్ట్ డ్రైవ్ చేస్తా.

గిరి: టెస్ట్ డ్రైవంటే ఎయిర్‌పోర్టు రోడ్డు దాకా పోయి వెనక్కి రావడం. 70 కిలోమీటర్లు పోయి, కాఫీ తాగి, పిల్లను చూసి రావడం కాదు.

మునిరత్నం: మరి ఆ హీరో హోండా మీద పోదామా?

గిరి: దానికేం? హీరో, హోండా 2011 కల్లా విడిపోయాయి. మన ట్యాంకు మీద మాత్రం ఇంకా కాపురం చేస్తున్నాయి.

మునిరత్నం: పెళ్లిచూపుల ముందు ఆ మాటలు ఎత్తకు! మంచిది కాదు.

గిరి: పైగా నంబరు ఏపీ 03. చిత్తూరు జిల్లా నంబరు. 2022లో మన తిరుపతి వేరే జిల్లా అయిపోయినా బండి మాత్రం చిత్తూరుదే. పుట్టింటికి పోతున్నట్టు ఉంటుంది దానికి.

మునిరత్నం: నీకు నవ్వులాటగా ఉంది. పెళ్లిళ్ల పేరయ్యకి నేను చెప్పిన మాట ఏమవుతుంది?

గిరి: (ఒక బూటు చేతిలోనే ఉంది) ఏం చెప్పావు?

మునిరత్నం: పెద్దగా ఏం లేదు. అబ్బాయికి నెలకు 40 వేలు వస్తాయన్నా.

గిరి: 40? ఎవరికి?

మునిరత్నం: నీకేరా. లక్షల కార్లు అమ్ముతావు, వేలు కూడా రావా?

గిరి: ఫిక్స్‌డ్ 15. మిగతాది ఇన్సెంటివ్. నెలకు మూడు కార్ల దాకా అమ్మితే సున్నా. నాలుగు నుంచి ఆరు అమ్మితే, కారుకు వెయ్యి. ఏడోది అమ్మితే మాత్రం మొదటి కారు నుంచి లెక్క మారి, కారుకు 2 వేలు. ఈ నెల ఆరు అయ్యాయి.

మునిరత్నం: అంటే 6 వేలు. ఏడోది పోతే 14. ఒక్క కారుకు 8 వేల తేడా! అమ్మెయ్యరా.

గిరి: అమ్మెయ్యరా అంటున్నావు, అది మూరల్లెక్కన అమ్మే మల్లెపూలు కాదు. పైగా చెప్పినంతా చేతికి రాదు. కస్టమర్ ఇన్సూరెన్స్ బయట చేయించుకుంటే కోత. లోన్ వాళ్ల బావమరిది బ్యాంకులో తీసుకుంటే కోత. డెలివరీ అయ్యాక కంపెనీవాళ్లు ఫోన్ చేసి మార్కులు అడుగుతారు. పదికి తొమ్మిది చెప్పినా కోతే.

మునిరత్నం: పదికి తొమ్మిది అంటే మంచి మార్కులే కదా! నువ్వు పదో తరగతి లెక్కల్లో...

గిరి: అక్కడ 35కి పాస్. ఇక్కడ తొమ్మిదికి ఫెయిల్. అందుకే కారు తాళం ఇచ్చే ముందు దండం పెట్టి చెబుతాను: "సార్, ఫోన్ వస్తుంది, పదికి పది అనండి సార్." ఒకాయన నిజంగానే "పదికి పదిసార్" అన్నాడు. అవతలి అమ్మాయి దాన్ని ఎట్లా రాసుకుందో, కోతే పడింది.

(ఇక్కడ మునిరత్నం నవ్వాలి. నవ్వలేదు. 40లోంచి 15 తీసేసి, మిగిలిన 25 ఎక్కడ పుట్టించాలా అని చూస్తున్నాడు.)

మునిరత్నం: దసరాకి బాగా అమ్మానన్నావుగా?

గిరి: అమ్మాను. ఆగస్టు 15న ఎర్రకోట మీద జీఎస్టీ తగ్గిస్తామని ప్రధాని చెప్పిన దగ్గర్నుంచి నెలరోజులు షోరూంలో ఈగలు తోలాం. వచ్చినవాడల్లా "తగ్గాక వస్తాం" అని నీళ్లు తాగి పోయాడు. సెప్టెంబరు 22న చిన్న కార్లకి పన్ను 29 నుంచి 18 అయింది. 6 లక్షల బండి 50 వేలు దిగింది. ఆ రోజు నుంచి దసరా దాకా అన్నం తినలేదు నేను. పదకొండు బళ్లు!

మునిరత్నం: పదకొండు రెళ్లు 22 వేలు. ఏదీ?

గిరి: వస్తుంది. రిజిస్ట్రేషన్లు అయ్యాక, లెక్కలు కట్టాక, రెండు నెలలకి.

మునిరత్నం: కొండ మీద మాకో రూలుండేది. ఎక్కడానికి 28 నిమిషాలకు తగ్గకూడదు, దిగడానికి 40కి తగ్గకూడదు. మీ షోరూంలో ధర ఎక్కడానికి రెండు నిమిషాలు, డబ్బు దిగడానికి రెండు నెలలా?

గిరి: అది మా యాజమాన్యానికి చెప్పు. ఇంకా ఏం చెప్పావు పేరయ్యకి? నీ మొహంలో ఇంకా ఏదో ఉంది.

మునిరత్నం: ఏం లేదు. "అబ్బాయి ఏ కారు వాడతాడు?" అని అడిగాడు. నేను "ఏ కారైనా వాడతాడు" అన్నాను. నిజమే కదా?

గిరి: ...నిజమే.

మునిరత్నం: నువ్వు మాత్రం చెప్పవా ఏంది, కస్టమర్లకి?

గిరి: చెబుతాను. ప్రతివాడూ అడిగేదే. "నువ్వేం వాడతావు తమ్ముడూ?" అంటారు. డెమో కారు మీద చెయ్యేసి "ఇదే సార్, టాప్ మోడల్" అంటాను. వాడుతున్నానన్నాను గానీ కొన్నానని అన్లేదు.

మునిరత్నం: అశ్వత్థామ హతః!

గిరి: కుంజరః. హీరో హోండా షోరూం వెనకాల, జనరేటర్ పక్కన ఉంటుంది. కస్టమర్ కంట పడకూడదు. అయినా నాది నయం. మా టీం లీడరుది సెకండ్ హ్యాండ్ కారు, అది కూడా పోటీ కంపెనీది. పక్క వీధిలో వేపచెట్టు కింద పెట్టి, నడుచుకుంటూ వస్తాడు. అడిగితే వాకింగ్ మంచిదంటాడు.

మునిరత్నం: సిగ్గు లేదట్రా మీకు, ఒకటి అమ్ముతూ ఒకటి ఎక్కడానికి?

గిరి: నువ్వు 26 ఏళ్లు అంత పెద్ద బస్సు తోలావు. ఇంటికి దేని మీద వచ్చేవాడివి?

మునిరత్నం: ...సైకిలు.

గిరి: మరి? అంతెందుకు, స్వామి బ్రహ్మోత్సవాల్లో తొమ్మిది రోజులూ పూటకో వాహనం ఎక్కుతాడు. శేషవాహనం, హంస, సింహం, గరుడుడు, గజం. ఒక్కదానికైనా ఈఎంఐ కట్టాడా?

మునిరత్నం: ఆయన పెళ్లికి కుబేరుడి దగ్గర చేసిన అప్పుకే ఇంకా వడ్డీ కడుతున్నాడు. పెళ్లంటే ఆ మాత్రం ఖర్చుంటుంది. అందుకే చెబుతున్నా, కారులో పోదాం. అద్దెకైనా తెద్దాం.

గిరి: అద్దె కారంటే నంబరు ప్లేటు రంగే పట్టిస్తుంది. చిత్తూరులో చదువుకున్నవాళ్లుంటారు.

మునిరత్నం: అయితే ఫోటోలో ఉన్న కారు ఏదని అడిగితే ఏం చెప్పాలిరా?

గిరి: (రెండో బూటు కింద పడింది) ఏ ఫోటో?

మునిరత్నం: నీ ఫోన్లోదే. నువ్వు స్నానానికి పోయినప్పుడు పంపించుకున్నా. ఎర్ర కారు, దానికి రిబ్బను, పూలదండ, నువ్వు నవ్వుతూ అంత పొడవు అట్ట తాళం పట్టుకుని... పెళ్లికొడుకులా ఉన్నావు!

గిరి: నాన్నా! అది డెలివరీ ఫోటో. ఆ కారు కస్టమర్‌ది. పక్కనే ఆయన కూడా ఉంటాడు, ఆ తాళానికి అటు చివర!

మునిరత్నం: ఆయన్ని తీసేయించాను లే. పక్కింటి పిల్లోడు కత్తిరించి పెట్టాడు.

గిరి: ఏదీ, చూపించు. ...నాన్నా, మనిషిని కత్తిరించారు. చెయ్యి ఎవరు కత్తిరిస్తారు?

మునిరత్నం: చెయ్యి తీస్తే తాళం సగం పోతోందన్నాడు. ఉండనీ, దేవుడి చెయ్యిలా ఉంది.

గిరి: దేవుడికి మూడు ఉంగరాలూ వేలికి పచ్చరాయీ ఉంటాయా? ఈయన బెల్లం మండీ ఆయన. దసరాకి కొన్నాడు. నా ప్రాణం తోడేశాడు. నాలుగుసార్లు టెస్ట్ డ్రైవ్, మూడుసార్లు రంగు మార్చాడు. ఎక్స్‌షోరూం ధర చెబితే "నేను షోరూం లోపలే ఉన్నా కదా, తగ్గించు" అన్నాడు. ఆఖరికి ఫ్లోర్ మ్యాట్లు ఫ్రీగా ఇస్తానంటే సంతకం పెట్టాడు.

మునిరత్నం: ఇచ్చావా?

గిరి: స్టాకు లేదు. మేనేజరు అడిగితే "నువ్వు ఒప్పుకున్నావు, నువ్వే కొనివ్వు" అన్నాడు. 1,800. ఆయన రోజూ ఫోన్ చేస్తాడు, నేను ఎత్తను.

మునిరత్నం: ఏ ఊరు ఆయనది?

గిరి: చిత్... (ఆగాడు.)

(ఇద్దరూ కాసేపు ఫ్యాన్ వైపు చూశారు. అప్పుడే మునిరత్నం ఫోన్ మోగింది. పేరయ్య. స్పీకరు పెట్టమని గిరి సైగ చేశాడు. స్పీకరు ఎక్కడుందో తెలియక మునిరత్నం చెవికే పెట్టుకున్నాడు.)

మునిరత్నం: ఆ, నమస్కారమయ్యా. ...చూశారా ఫోటో? బాగుందన్నారా! ...ఎవరు? పిల్ల మేనమామా? ...ఆ ఉంగరం? ...అట్లనా. ...ఆ చెయ్యి ఆయనదేనా. ...లేదు లేదు, మేం అబద్ధం చెప్పలేదే! ఏ కారైనా వాడతాడన్నాం అంతే. ...ఆ. ...ఆ. ...నవ్వుతున్నారా? ఎవరు, పిల్లేనా? ...సరే, ఆదివారం పదకొండుకి. ...ఏంది? ...సరే, చెబుతాలే.

గిరి: రావద్దన్నారా?

మునిరత్నం: రమ్మన్నారు. "నా చేత అంత డబ్బు కక్కించినవాడు పనికిమాలినవాడు కాదు" అన్నాడట మేనమామ.

గిరి: (నమ్మలేక) నిజంగా అన్నాడా? పదికి పది ఇస్తాడేమో అడగాల్సింది!

మునిరత్నం: ఒక షరతు పెట్టాడు. వచ్చేటప్పుడు ఆ మ్యాట్లు తెమ్మన్నాడు.

గిరి: ...1,800!

మునిరత్నం: కొను. అవి బండి మీద వెనకాల కట్టుకోవచ్చు గానీ, మరి నేనెక్కడ కూర్చోవాలి?

గిరి: మ్యాట్ల మీదే. రబ్బరువి, మెత్తగా ఉంటాయి.