సవరణ: ట్రైగ్లిజరైడ్స్‌లో ఆ మూడూ ఏవి?

'ట్రై' అంటే మూడు, దానితో మొదలయ్యే వైద్య పదాలు అంటూ మొన్న పెట్టిన పోస్టులో, ట్రైగ్లిజరైడ్స్ అంటే హెచ్‌డీఎల్, ఎల్‌డీఎల్, వీఎల్‌డీఎల్ (రక్తంలో కొలెస్ట్రాల్‌ను, కొవ్వును మోసుకెళ్లే రేణువులు) మూడూ కలిపిన మొత్తం అని రాశాను. అది తప్పు.

బయోకెమిస్ట్రీ పాఠ్యపుస్తకాల ప్రకారం, ఒక గ్లిసరాల్ అణువుకు మూడు ఫ్యాటీ యాసిడ్లు అతుక్కుని ఉంటే అది ట్రైగ్లిజరైడ్. మన వంటనూనె, నెయ్యి దాదాపు అంతా ఇదే. కొలెస్ట్రాల్ పూర్తిగా వేరే పదార్థం. నేను రాసిన ఆ మూడింటిలోని కొలెస్ట్రాల్ కలిపితే వచ్చేది టోటల్ కొలెస్ట్రాల్.

ఈ గందరగోళానికి లిపిడ్ ప్రొఫైల్ (రక్తంలో కొవ్వుల పరీక్ష) రిపోర్టు కూడా కొంత కారణమే అనుకుంటాను. చాలా ల్యాబుల్లో వీఎల్‌డీఎల్‌ను విడిగా కొలవరు, ట్రైగ్లిజరైడ్స్ అంకెను 5తో భాగించి వేసేస్తారు. 1972లో వచ్చిన ఫ్రీడ్‌వాల్డ్ సూత్రం అది. ట్రైగ్లిజరైడ్స్ 400 దాటితే ఆ లెక్క నమ్మడానికి లేదు.

పరగడుపున డెసిలీటరుకు 150 మిల్లీగ్రాముల లోపు ఉంటే మామూలు. 500 దాటితే పాంక్రియాస్ (క్లోమం) వాచే ప్రమాదం ఉంది కాబట్టి డాక్టర్లు ఊరుకోరు. "నూనె తగ్గించాను, అయినా పెరిగింది" అన్నవారికి ఒక మాట: అవసరానికి మించిన అన్నం, స్వీట్లను కూడా లివర్ ట్రైగ్లిజరైడ్స్‌గా మార్చేస్తుంది. మద్యం సంగతి చెప్పక్కర్లేదు.

ట్రైసెప్స్ అనే పైచేతి వెనక కండరం, గుండె కుడివైపు ఉండే ట్రైకస్పిడ్ వాల్వ్ గురించి అదే పోస్టులో రాసినవి సరైనవే.