మొక్క చూపించిన మనిషి సంగతి?

అమెజాన్‌లో ఆదివాసుల వెంట తిరిగి మందుమొక్కల గురించి నేర్చుకున్న విద్యార్థుల మీద మీ పత్రికలో వ్యాసం రాశారు, బాగుంది. కానీ ఆ మొక్కలు చూపించిన ఆదివాసులకు చివరికి ఏం దక్కిందో వ్యాసంలో ఎక్కడా లేదు.

మన పక్కనే కేరళ అగస్త్యమలై అడవుల్లో జరిగింది చూడండి. 1987లో సర్వేకి వెళ్లిన శాస్త్రవేత్తలు కొండ ఎక్కలేక ఆయాసపడుతుంటే, దారి చూపే కాణి తెగవాళ్లు ఏవో చిన్న కాయలు నములుతూ చకచకా నడిచారట. అదేంటని అడిగితే వెంటనే చెప్పలేదు. బయటివాళ్లకు చెప్పకూడని విషయం మరి. బతిమాలగా బతిమాలగా ఆ కాయల మొక్కను చూపించారు: ఆరోగ్యపచ్చ. శాస్త్రవేత్తలు దానికి మరికొన్ని మూలికలు కలిపి ‘జీవని’ అనే మందు చేశారు. 1995లో ఒక కోయంబత్తూరు కంపెనీకి లైసెన్సు ఇచ్చి, 10 లక్షల ఫీజులోనూ 2 శాతం రాయల్టీలోనూ సగం కాణీలకన్నారు. ఆ డబ్బు అందుకునే ట్రస్టు మాత్రం 1997కి గానీ రిజిస్టరు కాలేదు. పైగా అడవి నుంచి ఆ మొక్క తేవడానికి అటవీ శాఖ అభ్యంతరం ఒకటి!

డిగ్రీలో మేమూ పాత పేపర్ల మధ్య మొక్కలు నొక్కి హెర్బేరియం షీట్లు చేశాం. లాటిన్ పేరు, కుటుంబం, ఊరు, తేదీ, సేకరించినవాళ్ల పేరు, అన్నిటికీ గళ్లున్నాయి. చూపించినవాళ్ల పేరు రాయడానికి గడే లేదు.